మా జేజినాయన పేరూ, స్కాట్లాండు కొండల పేరూ ఒకటే ఎట్లయింది?

సీమ_ఎడిన్‌బరో
మాది అనంతపురం జిల్లా, గుత్తి దగ్గర పల్లె. మా జేజినాయన పేరు మన్రోలప్ప, ఒకప్పుడు మా సీమలో కలెక్టరుగా చేసిన మన్రో దొర పేరు మీద వచ్చింది. ఆయన జేజినాయన పేరు కూడా అదే. బడిలో ఆ పేరు చెప్తే కొత్త పంతుళ్ళు రెండుసార్లు అడిగి రాసుకునేవాళ్ళు.

జేజినాయన పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాటికి ఊరి బడికి ఒక గది కట్టించి ఇస్తున్నాం. గోడకు పెట్టే రాతి పలక మీద ఆయన పేరు చెక్కించాలి. మా తమ్ముడేమో ‘మునెప్ప అని చెక్కిద్దాం, దొర పేరు మన గోడ మీద ఎందుకు’ అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. గట్టిగా వాదిద్దామంటే ఆ పేరు గురించి నాకు తెలిసింది తక్కువ.

నేను ఏడాదిన్నరగా ఎడిన్‌బరోలో పని చేస్తున్నాను. సోమవారం వస్తే చాలు, ఆఫీసులో ‘ఈ వారం ఎన్ని మన్రోలు ఎక్కావు’ అని ఒకర్నొకరు అడుగుతుంటారు. మొదటిసారి విన్నప్పుడు ఒళ్ళు ఝల్లుమంది. ఇక్కడ పెద్ద కొండల్ని మన్రోలంటారట. ఎందుకని అడిగితే ‘మన్రో అనే ఆయన కొండల జాబితా రాశాడు’ అన్నారు, అంతే. ఆ మన్రో, మన మన్రో ఒకరేనా? ఒకే ఇంటివాళ్ళా? లేక మన రెడ్డి, నాయుడు లాగా ఎక్కడ చూసినా ఉండే పేరా? పలక పని పదిహేను రోజుల్లో మొదలవుతుంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

లెక్కలమాస్టారు
ఒకే మనిషి కాదు. తేదీలు చూస్తే తెలుస్తుంది. దత్తమండలాల కలెక్టరుగా చేసిన థామస్ మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. కొండల జాబితా అచ్చయింది 1891లో. మధ్యలో 64 ఏళ్ళు. మన్రో అనేది అక్కడ చాలామందికి ఉన్న ఇంటిపేరు. పేరు కలిసినంత మాత్రాన చుట్టరికం కట్టలేం.

గుత్తికోట_నీడ
మీది ఏ ఊరన్నా? మాది గుత్తే. మా వీధిలో మన్రోలమ్మ అని ఒక అవ్వ ఉండేది, నా చిన్నప్పుడే పోయింది. ఆ పేర్లు ఇప్పుడు ఎవరూ పెట్టడం లేదు.

కొండలెక్కేవాడు
నేను గ్లాస్గోలో ఉంటాను, ఇప్పటికి 61 మన్రోలు ఎక్కాను, కాబట్టి కొండల సంగతి నేను చెప్తా. సముద్రమట్టం నుంచి 3,000 అడుగులు, అంటే 914.4 మీటర్లు దాటిన కొండే మన్రో. మొత్తం 282. అన్నింటికంటే ఎత్తయింది బెన్ నెవిస్, 1,345 మీటర్లు. ఎత్తు చూసి ఇంతేనా అనుకోవద్దు. చాలా కొండలకు దారి దాదాపు సముద్రమట్టం నుంచే మొదలవుతుంది. పొద్దున ఎండ, పదకొండుకి మంచు, మధ్యాహ్నానికి చేతికర్ర కొన కూడా కనపడనంత మబ్బు. అన్నీ ఎక్కినవాళ్ళను మన్రోయిస్టులంటారు. కొందరికి నలభై ఏళ్ళు పడుతుంది.

జాబితా రాసినాయన సర్ హ్యూ మన్రో. 1889లో పెట్టిన స్కాటిష్ మౌంటెనీరింగ్ క్లబ్‌లో మొదటి సభ్యుల్లో ఒకడు. అప్పటిదాకా 3,000 అడుగులు దాటినవి ముప్పై దాకా ఉంటాయేమో అనుకునేవాళ్ళట. ఈయన మ్యాపులు ముందేసుకుని, చేతిలో బారోమీటరు పట్టుకుని తిరిగి 283 అని తేల్చాడు. అన్నీ ఎక్కడం మాత్రం ఆయనకే కుదరలేదు. స్కై దీవిలో ఇనాక్సెసిబుల్ పినాకిల్ అనే కత్తి అంచులాంటి బండ ఒకటుంది, అది ఆయనకు అందలేదు. 1901లో రాబర్ట్‌సన్ అనే పాస్టరు అన్నీ పూర్తి చేశాడంటారు.

జస్ట్_చదువరి
మన హార్స్‌లీ హిల్స్ 4,000 అడుగుల పైనే కదా. స్కాట్లాండులో పుట్టి ఉంటే అదీ మన్రో అయ్యేది.

లెక్కలమాస్టారు
@కొండలెక్కేవాడు మీరే 283 అన్నారు, 282 అన్నారు. ఒకటి ఎక్కడ పోయింది?

కొండలెక్కేవాడు
అప్పటి నుంచి కొన్ని చేర్చారు, కొన్ని తీసేశారు మాస్టారూ. ఈ మధ్య పోయింది 2012లో. ఒక కొండను కొత్త పరికరాలతో మళ్ళీ కొలిస్తే 913.96 మీటర్లు వచ్చింది.

లెక్కలమాస్టారు
44 సెంటీమీటర్లు తక్కువ. మూరెడు కూడా లేదు పాపం.

పాతరికార్డు
మాస్టారూ, మీ తేదీలు సరైనవే. చుట్టరికం లేదన్న మాట మాత్రం తప్పు. పాత కాగితాలు తిరగేయడం నాకు ముప్పై ఏళ్ళ అలవాటు, ఈ సంగతి చెప్పే అవకాశం ఇన్నాళ్ళకు వచ్చింది.

1825లో థామస్ మన్రోకు బారోనెట్ బిరుదు ఇచ్చారు. అది తండ్రి తరవాత కొడుక్కి దిగే బిరుదు. లిండర్టిస్ మన్రోలు అని ఆ శాఖ పేరు. స్కాట్లాండులో యాంగస్ ప్రాంతంలో, కిర్రీమ్యూర్ దగ్గర ఉంది ఆ ఎస్టేటు. మొదటి బారోనెట్ మన కలెక్టరు థామస్. రెండో ఆయన పెద్ద కొడుకు, ఆయన పేరు కూడా థామసే. ఆయన తరవాత తమ్ముడు క్యాంప్‌బెల్. నాలుగో ఆయన ఈ క్యాంప్‌బెల్ కొడుకు, 1856లో పుట్టాడు.

ఆ నాలుగో ఆయన పూర్తి పేరు హ్యూ థామస్ మన్రో. కొండల జాబితా ఆయనదే.

@సీమ_ఎడిన్‌బరో, మీ ఆఫీసువాళ్ళు చెప్పుకునే మన్రో, పత్తికొండలో చనిపోయిన మన్రోకు స్వయానా మనవడు. నడుమ పేరు తాతదే పెట్టుకున్నాడు, మీ ఇంట్లోలాగే.

సీమ_ఎడిన్‌బరో
ఇది చదివి పది నిమిషాలు కదలకుండా కూర్చున్నాను. నిజంగా మనవడా? ఏడాదిన్నరగా రోజూ వింటున్న పేరు!

గుత్తికోట_నీడ
రోమాలు నిలబడ్డాయి. తాత మా గుత్తి కోట కింద సమాధిలో ఉండె, మనవడు అక్కడ కొండల మీద.

లెక్కలమాస్టారు
ఒప్పుకుంటున్నాను. బారోనెట్ల వరస చూడకుండా మాట్లాడాను. ధన్యవాదాలు పాతరికార్డు గారూ.

చెన్నపట్నం_వాసి
@గుత్తికోట_నీడ సమాధి ఇప్పుడు గుత్తిలో లేదు తమ్ముడూ. 1831లో అక్కడి నుంచి తీసి మద్రాసు కోటలో సెయింట్ మేరీ చర్చికి తెచ్చారు. ఐలాండ్ గ్రౌండ్స్ దగ్గర గుర్రం మీద ఆయన విగ్రహం ఉంది చూడండి, ఫ్రాన్సిస్ చాంట్రీ అనే శిల్పి చేసింది, 1839లో నిలబెట్టారు. ఆ గుర్రానికి జీను లేదు, రికాబులు లేవు. నేను ముప్పై ఏళ్ళుగా ఆ పక్క నుంచే బస్సులో పోతున్నాను. శిల్పి మరిచిపోయాడని ఒకరు, కావాలనే వదిలేశాడని ఇంకొకరు, ఆ వాదన మాత్రం ఊళ్ళో ఆగలేదు.

పాలెగాళ్ళ_గడ్డ
అందరూ మురిసిపోతున్నారు, నాకు ఒక మాట చెప్పనివ్వండి. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి ధారాదత్తం చేశాడు, అందుకే దత్తమండలాలు అన్నారు. మన్రో వచ్చేసరికి ఇక్కడ ఎనభై మంది పాలెగాళ్ళు. ఏడేళ్ళలో వాళ్ళ కోటలు పోయాయి, బలగాలు పోయాయి, కొందరు పింఛనుదార్లయ్యారు, కొందరు దేశాంతరం పోయారు. పత్తికొండ అన్నారు కదా, ఆ పక్కనే తెర్నేకల్లు ఉంది. 1801లో పన్ను కట్టబోమని తిరగబడిన ఊరు. కంపెనీ ఫిరంగులు తెచ్చి కొట్టింది, ఊరి పెద్ద ముత్తుకూరు గౌడప్పను ఉరి తీశారు. ఆ కాలంలో ఇక్కడ ప్రధాన కలెక్టరు ఎవరు? మీ మన్రోలప్ప పేరులో ఉన్న మన్రోనే.

మీ తమ్ముడిది ఊరికే అనే మాట కాదు. నేనయితే ఆ పిల్లవాడి పక్షమే.

గుత్తికోట_నీడ
పాలెగాళ్ళు ఊళ్ళను దోచుకోలేదా అన్నా? మా అవ్వలు చెప్పే కథల్లో ఇద్దరూ ఉన్నారు, దోచినవాళ్ళూ, కాపాడినవాళ్ళూ.

పాలెగాళ్ళ_గడ్డ
ఉన్నారు, కాదనను. కానీ తెర్నేకల్లు మనుషులకు కూడా మనవలు ఉండాలి కదా. ఏ కొండకు వాళ్ళ పేరుంది?

సీమ_ఎడిన్‌బరో
@పాలెగాళ్ళ_గడ్డ తెర్నేకల్లు సంగతి నాకు తెలియదు. ఇంత దగ్గర ఊరు, ఎవరూ చెప్పలేదు. మా తమ్ముడికి మీ పోస్టు పంపించాను. వాడి మాటా నాకు వినబుద్ధయింది.

రైతుబిడ్డ_72
ఇంకో పక్క కూడా చెప్పుకోవాలి. జమీందారు నడుమ లేకుండా రైతు పేరనే పట్టా, రైతే శిస్తు కట్టుకోవడం, ఏటా జమాబంది, అదే రైత్వారీ. దాన్ని ఇక్కడ నిలబెట్టింది మన్రో. కోస్తాలో కొన్ని జిల్లాలు జమీందార్ల చేతిలో నలిగిన తీరు చూస్తే సీమ రైతు ఆయన్ను ఎందుకు తలుచుకున్నాడో అర్థమవుతుంది. శిస్తు ఎక్కువగానే వేశారు, అది నిజం. ఆ మాట ఆయనే ఒప్పుకుని 1807లో వెళ్ళిపోయే ముందు పాతిక శాతం తగ్గించమని పైకి రాశాడు. పైవాళ్ళు వెంటనే వినలేదు.

పాలెగాళ్ళ_గడ్డ
ఎక్కువ వేసి తగ్గించమని రాయడం కంటే తక్కువ వేస్తే సరిపోయేది.

రైతుబిడ్డ_72
ఆ మాట నిజమే.

డాక్టరమ్మ_కడప
మా వైపు గండి ఆంజనేయస్వామి గుడి దగ్గర ఒక కథ చెప్తారు. పాపఘ్ని నది రెండు కొండల మధ్య నుంచి వచ్చే చోట, రాముడికి స్వాగతంగా వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం ఉందట. పుణ్యాత్ముడికే కనిపిస్తుంది, కనిపించిన మనిషి ఎక్కువ రోజులు బతకడు. మన్రో ఆ దారిన పోతూ తలెత్తి ‘ఇంత అందమైన తోరణం ఎవరు కట్టారు’ అని అడిగాడట. పక్కనున్నవాళ్ళ ముఖాలు వాడిపోయాయట. కొన్నాళ్ళకే పత్తికొండలో పోయాడు. చిన్నప్పుడు మా నాయన నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని ఆ గండి చూపించాడు. నాకు తోరణం కనపడలేదని ఏడ్చాను. నాయనేమో కనపడనందుకు దండం పెట్టుకున్నాడు.

మంత్రాలయం_దారి
రాఘవేంద్రస్వామి వారు బృందావనం నుంచి మన్రోతో మాట్లాడారన్న కథ మా ఇళ్ళలో అందరికీ తెలుసు. మఠం మాన్యాలు వెనక్కి తీసుకోవాలా వద్దా అని విచారణకు వచ్చాడట. చెప్పులు, టోపీ తీసి లోపలికి పోయి స్వామితో మాట్లాడి వచ్చాడు, పక్కన ఉన్నవాళ్ళకు ఎవరూ కనపడలేదు. మాన్యాలు మఠానికే ఉండిపోయాయి. తిరుమలలో మన్రో గంగాళం అని ఒకటుందని కూడా మా పెద్దలు చెప్తారు.

జస్ట్_చదువరి
ఒక స్కాట్లాండు మనిషికి సీమలో మూడు స్థలపురాణాలు! ఇంకే కలెక్టరుకు ఉన్నాయి ఇన్ని?

గ్రూప్స్_ప్రిపరేషన్
మా కోచింగులో రైత్వారీ పాఠంలో ఒక మన్రో, అమెరికా పాఠంలో ఒక మన్రో. 1823 మన్రో సిద్ధాంతం, అమెరికా అయిదో అధ్యక్షుడు జేమ్స్ మన్రో. వీళ్ళకేమైనా సంబంధమా?

డాక్టరమ్మ_కడప
మాకు మెడికల్ కాలేజీలో ఇంకో మన్రో సిద్ధాంతం ఉంది. పుర్రె గట్టి పెట్టె లాంటిది, లోపల మెదడు, రక్తం, నీరు కలిపి పట్టేది ఇంతే, ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గాలి. మన్రో-కెల్లీ సిద్ధాంతం అంటాం. మెదడులో నీరు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోయే దారిని ఫొరామెన్ ఆఫ్ మన్రో అంటాం. తలలో నీరు చేరిన పసిబిడ్డ స్కాన్ చూసేటప్పుడు మొదట చూసే చోట్లలో అదొకటి. వారంలో రెండుసార్లయినా ఆ పేరు పలుకుతాను.

ఆ పేరు ఎడిన్‌బరో ప్రొఫెసరుది. అలెగ్జాండర్ మన్రో. తండ్రి, కొడుకు, మనవడు, ముగ్గురి పేరూ అదే, ముగ్గురూ ఒకరి తరవాత ఒకరు అనాటమీ చెప్పారు. 1720 నుంచి 1846 దాకా, 126 ఏళ్ళు ఒకే ఇంటి చేతిలో ఆ కుర్చీ. పోల్చుకోవడానికి ఒకటో మన్రో, రెండో మన్రో, మూడో మన్రో అని పిలుస్తారు. రెండో ఆయన మహా పండితుడు. మూడో ఆయన పాఠాలు విన్న చార్లెస్ డార్విన్‌కు అవి బొత్తిగా నచ్చలేదు.

జస్ట్_చదువరి
తాత కుర్చీ మనవడికి వచ్చింది, తెలివి నడుమ ఎక్కడో దిగిపోయింది.

పాతరికార్డు
@గ్రూప్స్_ప్రిపరేషన్ జేమ్స్ మన్రోది కూడా స్కాట్లాండు మూలమే. ఆయన ముత్తాత తండ్రి ఆండ్రూ 17వ శతాబ్దం మధ్యలో అమెరికా వెళ్ళాడు. ఇంగ్లీషులో రాసేటప్పుడు మన థామస్ పేరులో మొదటి అక్షరం తరవాత ‘యు’, అనాటమీ వాళ్ళది ‘ఓ’, అమెరికా వాళ్ళది ‘ఓ’తో పాటు చివర ఒక ‘ఈ’ కూడా. పలకడం ఒకటే.

వీళ్ళిద్దరి సంగతి నాకు ఎప్పుడూ వింతగా అనిపిస్తుంది. థామస్ తండ్రి గ్లాస్గోలో వ్యాపారి, వర్జీనియా పొగాకు మీద బతికిన ఇల్లు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వ్యాపారం కూలిపోయింది. కొడుకు ఇల్లు విడిచి కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసులో దిగాడు. వర్జీనియాలో పుట్టిన జేమ్స్ మన్రో అదే యుద్ధంలో సైనికుడు, 1776లో ట్రెంటన్ దగ్గర గాయపడ్డాడు. ఒక మన్రో పోరాడిన యుద్ధం ఇంకో మన్రో ఇంటిని ముంచి మన దాకా పంపించింది. 1820 నాటికి ఒకరు అమెరికా అధ్యక్షుడు, ఇంకొకరు మద్రాసు గవర్నరు.

టొరంటో_సుధ
నోబెల్ బహుమతి వచ్చిన ఆలిస్ మన్రోను ఎవరూ తలవలేదు. 2013లో వచ్చింది, 2024లో పోయారు. ఆమెకు అది పుట్టింటి పేరు కాదు. పుట్టినప్పుడు లెయిడ్‌లా, అది కూడా స్కాట్లాండు పేరే. జేమ్స్ మన్రో అనే ఆయన్ని పెళ్ళి చేసుకుని మన్రో అయ్యారు. ఇద్దరూ కలిసి 1963లో విక్టోరియా ఊళ్ళో పుస్తకాల కొట్టు పెట్టారు. తరవాత విడిపోయారు, పేరు మాత్రం ఉంచుకున్నారు. లోకమంతా ఆ పేరుతోనే చదివింది.

నా ఇంటిపేరు కూడా పెళ్ళితో మారిందే, అందుకే నాకు ఈ సంగతి పట్టుకుంది. ఎవరింటి పేరో అనుకున్నది నా పుస్తకాల మీద, నా సర్టిఫికెట్ల మీద ముప్పై ఏళ్ళు నడిచాక నాదే అయిపోయింది. మన్రోలప్ప గారి పేరు కూడా అంతే. తొంభై ఏళ్ళు ఆయన మోశాక ఇంకా దొరదేనా?

సీమ_ఎడిన్‌బరో
@టొరంటో_సుధ అక్కా, ఈ మాట మా జేజికి వినిపిస్తాను. ఆమె జేజినాయన పేరు ఒక్కసారి కూడా నోటితో అన్నది నేను వినలేదు. ‘మీ జేజినాయన’ అంటుంది, లేకుంటే ‘మీ నాయనోళ్ళ నాయన’ అంటుంది. రేషన్ కార్డు ఆఫీసులో అడిగితే నన్ను ముందుకు తోసేది, ‘నువ్వు చెప్పు నాయనా’ అని.

కొండలెక్కేవాడు
పేరు ఎక్కడిదో కూడా చెప్పుకుందాం. గేలిక్‌లో మన్రోను రోథాక్ అంటారు, ‘రో దగ్గరివాడు’ అని. ఐర్లండులో రో అనే నది ఒడ్డు నుంచి వచ్చారని వాళ్ళ ఇంటి కథ. ఇన్వర్‌నెస్‌కు ఉత్తరాన క్రోమార్టీ తీరంలో ఫౌలిస్ కోట వాళ్ళ మూలస్థానం. రాజుకు కౌలు ఏం కట్టాలి అంటే, నడివేసవిలో అడిగినా ఒక మంచుముద్ద తెచ్చివ్వాలట. పక్కనే బెన్ వివిస్ కొండ ఉంది, ఉత్తరపు లోయల్లో మంచు ఆలస్యంగా కరుగుతుంది, అక్కడి నుంచి తెచ్చేవాళ్ళు. ఆ బెన్ వివిస్ 1,046 మీటర్లు. అదీ మన్రోనే!

రైతుబిడ్డ_72
కౌలు కింద మంచుముద్ద! మా ఊళ్ళో ఇట్లాంటి కౌలు ఉంటే ఎంత బాగుండు.

జస్ట్_చదువరి
మన సీమలో నడివేసవిలో మంచుముద్ద అడిగితే పొలం వదిలేసి పోవాల్సిందే.

చెన్నపట్నం_వాసి
అదే తీరంలో ఆల్‌నెస్ అనే ఊరి పైన ఫైరిష్ కొండ మీద రాళ్ళ కమానులు ఉంటాయి. హెక్టర్ మన్రో కట్టించినవి. ఈయన 1764లో బక్సర్ యుద్ధం గెలిచినవాడు. అంతకు ముందు తిరగబడిన సిపాయిలను ఫిరంగి నోటికి కట్టి పేల్చించినవాడు కూడా. 1780లో హైదరలీ ధాటికి కంచి దగ్గర పెద్ద ఫిరంగులను కోనేట్లో పారేసి మద్రాసుకు వెనక్కి వచ్చాడు, ఆ సైన్యంలో కుర్ర థామస్ కూడా ఉన్నాడు. మరుసటేడు నాగపట్నం పట్టుకున్నాడు. ఫైరిష్ కమానులు ఆ నాగపట్నం కోట ద్వారానికి నమూనా అంటారు. కరువులో ఊరివాళ్ళకు కూలి దొరకాలని కట్టించాడట. పని త్వరగా అయిపోకుండా మోసుకెళ్ళిన రాళ్ళను మళ్ళీ కిందికి దొర్లించేవాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు.

ఆయన కొడుకు ఒకడు 1792లో బెంగాల్లో సాగర్ దీవిలో పులి నోట పడి చనిపోయాడు. టిప్పు సుల్తాను దగ్గరుండిన పులి బొమ్మ, దొర మీద కూర్చున్న చెక్క పులి, ఆ సంఘటన చూసే చేయించారని ఒక అభిప్రాయం ఉంది. బొమ్మ ఇప్పుడు లండన్‌లో ఒక మ్యూజియంలో ఉంది.

కొల్లం_కోడలు
మా అత్తగారి ఊరి దగ్గర అష్టముడి సరస్సులో మన్రో తురుత్తు అనే దీవి ఉంది. తిరువాన్కూరుకు దివానుగా కూడా చేసిన జాన్ మన్రో పేరు. ఈయన వేరే మన్రో. ఇప్పుడు ఆ దీవి మెల్లగా కుంగుతోంది, ఆటుపోట్లకు ఇళ్ళలోకి నీళ్ళొస్తాయి. కొన్ని కుటుంబాలు వదిలేసి పోయాయి. పోయేముందు చూడాలనుకునేవాళ్ళు త్వరగా రండి.

పాలెగాళ్ళ_గడ్డ
మొత్తం చదివాను. ఒకరు పేల్చించారు, ఒకరు పాఠం చెప్పారు, ఒకరు కథలు రాశారు. పేరు ఒకటే. నేను తమ్ముడి పక్షం అన్నాను, ఇప్పటికీ మన్రోకు దండం పెట్టమంటే పెట్టను. కానీ పలక మీద ఉండేది జేజినాయన పేరు కదా.

పాతరికార్డు
ఒక సంగతి మిగిలింది, అది చెప్పకుండా ఉండలేను. థామస్ మన్రో రెండో కొడుకు క్యాంప్‌బెల్ 1823లో పుట్టాడు. మూడేళ్ళు నిండకుండానే బిడ్డకు జబ్బు చేసింది. ఈ ఎండల్లో బతకడని 1826లో తల్లి జేన్ వాణ్ణి తీసుకుని ఓడెక్కింది. మన్రో అప్పటికే పదవి వదులుకుంటానని రాసి ఉన్నాడు, బర్మా యుద్ధం వల్ల ఆగిపోయాడు. గిండీ బంగళాలో ఒంటరిగా ఉండి, ఖాళీ గదుల గురించి, బిడ్డ తిరిగిన తోట గురించి భార్యకు జాబులు రాశాడు. వెళ్ళిపోయే ముందు దత్తమండలాలను చివరిసారి చూసి వస్తానని బయల్దేరాడు, పత్తికొండలో ఆగిపోయాడు. మళ్ళీ వాళ్ళను చూసుకోలేదు.

ఆ జబ్బు పిల్లవాడు తొంభై ఏళ్ళు బతికాడు. వాడి కొడుకే హ్యూ.

డాక్టరమ్మ_కడప
ఆ రోజుల్లో ఆర్నెల్ల ఓడ ప్రయాణం, జబ్బు బిడ్డ. ఆ తల్లి గుండె ఎంత గట్టిదో.

పత్తికొండ_పిల్లోడు
మా ఊరి పేరు చూసి వచ్చాను. ఇక్కడ ఆయన పేరు మీద కట్టిన మెట్లబావి ఉంది. ఆదివారం పోయి ఫోటోలు తీసి పెడతా.

సీమ_ఎడిన్‌బరో
నిన్న రాత్రి ఇంటికి వీడియో కాల్ చేశాను. తమ్ముడు, అమ్మ, జేజి అందరూ కూర్చున్నారు. ఈ పోస్టులన్నీ ఒక్కొక్కటి చదివి వినిపించాను, తెర్నేకల్లుది కూడా. తమ్ముడు ‘కొండల సంగతి బాగుంది, కానీ నా మాట నాదే’ అన్నాడు. మళ్ళీ మొదలైంది వాదన. అమ్మ ‘రెండు పేర్లూ చెక్కించండి’ అంది.

జేజి అంతసేపూ ఏం మాట్లాడలేదు. తమ్ముడు కాగితం మీద రెండు పేర్లూ రాసి చూపిస్తుంటే, ఆమెకు చదువు రాదు, ‘ఏది ఏదో చదువు’ అంది. వాడు ‘మునెప్ప’ అని చదివాడు. జేజి ‘వాడెవడు?’ అంది. తరవాత కొంగు సర్దుకుని, గోడ మీది ఫోటో వైపు చూసి, ‘మన్రోలప్ప. ఆయన పేరు మన్రోలప్ప’ అంది.

నా జన్మలో ఆమె నోట ఆ పేరు వినడం అదే మొదలు. మా అమ్మ ఏడ్చింది. తమ్ముడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పొద్దున వాడే రాళ్ళు చెక్కే ఆయన దగ్గరికి పోయి అడ్వాన్సు ఇచ్చి వచ్చాడు.

టొరంటో_సుధ
నేనూ ఏడుస్తున్నాను ఇక్కడ.

పాలెగాళ్ళ_గడ్డ
జేజికి నా నమస్కారం చెప్పు తమ్ముడూ. గది తెరిచే రోజు చెప్పండి, నేను వస్తా. అక్కడి నుంచి మీ తమ్ముణ్ణి తెర్నేకల్లు తీసుకుపోయి చూపిస్తా.

లెక్కలమాస్టారు
రాతి పలక చెక్కేముందు ‘న్రో’ వత్తు ఎట్లా వేస్తున్నాడో కాగితం మీద ఒకసారి వేయించి చూసుకోండి. మా బడి పలక మీద వత్తు తప్పు పడి ఇరవై ఏళ్ళుగా అట్లాగే ఉంది.

సీమ_ఎడిన్‌బరో
తప్పకుండా చూస్తాం మాస్టారూ. @పాలెగాళ్ళ_గడ్డ అన్నా, తేదీ అనుకోగానే పెడతాను. @కొండలెక్కేవాడు, మే నెలలో బెన్ వివిస్ ఎక్కాలనుకుంటున్నాను, కొండలు నాకు కొత్త. ఇన్వర్‌నెస్ నుంచి పోవచ్చా?

కొండలెక్కేవాడు
పోవచ్చు. ఇన్వర్‌నెస్ నుంచి కారులో గార్వ్ దాటాక దారి పక్కనే పార్కింగ్ ఉంది, అక్కడి నుంచే కాలిబాట. ఎక్కి దిగడానికి ఆరు గంటలు పెట్టుకోండి. మేలో కూడా పైన మంచు ఉండొచ్చు, మంచి బూట్లు కొనుక్కోండి. నేనూ వస్తాను, నాకూ అది ఇంకా బాకీ ఉంది. 62వది.

పత్తికొండ_పిల్లోడు
బావి ఫోటోలు పెట్టాను, తొమ్మిది ఉన్నాయి. నీళ్ళు అడుగున కొంచెమే ఉన్నాయి. మెట్లు మాత్రం గట్టిగా ఉన్నాయి.